అలెక్ రీవ్స్

అలెక్ హార్లీ రీవ్స్ (మార్చి 10, 1902 – అక్టోబరు 13, 1971) ఇంగ్లండుకు చెందిన ప్రముఖ టెలికమ్యూనికేషన్ల ఇంజనీరు, ఆవిష్కర్త. ధ్వనిని అంకెలుగా మార్చి పంపి, అవతలి చివర ఆ అంకెల నుండి తిరిగి ధ్వనిని పుట్టించే పల్స్ కోడ్ మాడ్యులేషన్ (క్లుప్తంగా పీసీఎం) అనే పద్ధతిని ఈయన 1937లో రూపొందించాడు. నేటి టెలిఫోను, కాంపాక్ట్ డిస్కు, కంప్యూటరులోని పాటల ఫైళ్ళు, ఉపగ్రహ వాహక నౌకల నుండి భూమికి చేరే సమాచారం, వీటన్నిటికీ ఆధారం ఈ పద్ధతే. ఇంటి స్టీరియోలలో అంకెలను తిరిగి శబ్ద తరంగంగా మార్చే డిజిటల్-టు-అనలాగ్ కన్వర్టరుకు (వాడుకలో డాక్) తొలి నమూనాలలో ఒకటి కూడా రీవ్స్ పేటెంటులోనే కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఓబో అనే విమాన మార్గదర్శక వ్యవస్థ రూపకల్పనలో ఈయనది ప్రధాన పాత్ర. యుద్ధానంతరం కాంతి ద్వారా సమాచారాన్ని పంపే పరిశోధనలకు నాయకత్వం వహించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

రీవ్స్ 1902 మార్చి 10న ఇంగ్లండులోని సర్రే కౌంటీకి చెందిన రెడ్‌హిల్ పట్టణంలో జన్మించాడు. రైగేట్ గ్రామర్ స్కూలులో చదువుకున్నాడు. 1918లో విద్యార్థి వేతనం పొంది లండనులోని సిటీ అండ్ గిల్డ్స్ ఇంజనీరింగు కళాశాలలో చేరాడు. 1921లో ఇంపీరియల్ కళాశాలలో ఉన్నత విద్యకు ప్రవేశించాడు. అప్పటికి రేడియో ప్రసారాలు ఇంకా శైశవ దశలోనే ఉన్నాయి. వాక్యూమ్ ట్యూబులు (రేడియో వాల్వులు) అప్పుడప్పుడే ప్రయోగశాలలను దాటి వాడుకలోకి వస్తున్నాయి. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1922లో గాని ఆరంభం కాలేదు. ఈ విధంగా ఆధునిక ఎలక్ట్రానిక్స్ ఎదుగుదలా, రీవ్స్ ఎదుగుదలా ఒకే కాలంలో జరిగాయి.

ఉద్యోగ జీవితం

1923లో రీవ్స్ లండనులోని ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా ఇంగ్లండు, అమెరికాల మధ్య రేడియో టెలిఫోను సంబంధాన్ని నెలకొల్పే కృషిలో పాల్గొన్నాడు. ఆ సేవ 1927 జనవరి 7న ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఈలోగా 1925లో ఈ కంపెనీని అమెరికాకు చెందిన ఐటీటీ సంస్థ కొనుగోలు చేసింది. బ్రిటనులో దానికి స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అనే పేరు వచ్చింది. తరువాత రీవ్స్ ఐటీటీ వారి పారిస్ ప్రయోగశాలకు బదిలీ అయ్యాడు. 1940 వరకు ఆయన పరిశోధనలు అక్కడే సాగాయి.

పారిస్‌లో ఆయన హ్రస్వ తరంగ రేడియో టెలిఫోను, ఒకే మార్గంలో అనేక సంభాషణలను పంపే పద్ధతులు మొదలైన వాటిపై పనిచేశాడు. ఈ ప్రయోగశాల ఇంజనీర్లు 1931లో డోవర్, కలే పట్టణాల మధ్య ఇంగ్లీషు చానల్ మీదుగా సుమారు 18 సెంటీమీటర్ల పొడవు గల సూక్ష్మ తరంగాలతో టెలిఫోను సంభాషణను ప్రదర్శించారు. ఆ కాలానికి అది గొప్ప విజయం.

రొద సమస్య

దూర ప్రాంత టెలిఫోనులో అప్పటి ఇంజనీర్లను అన్నిటికంటె ఎక్కువగా బాధించిన సమస్య రొద. తీగలో పయనించే కొద్దీ మాట బలహీనపడుతుంది. అందువలన కొన్ని మైళ్ళకొకసారి ఆంప్లిఫయరు పెట్టి దానిని పెంచవలసి వస్తుంది. కాని ఆంప్లిఫయరుకు మాట ఏదో, రొద ఏదో తెలియదు. మాటతోపాటు రొదనూ పెంచుతుంది, తనవంతు రొదను కొంత చేర్చుతుంది. పది ఆంప్లిఫయర్లు దాటేసరికి పది చోట్ల చేరిన రొద పోగవుతుంది. ఒక్కసారి మాటతో కలిసిన రొదను మరల విడదీయడం సాధ్యం కాదు. ఒకే మార్గంలో అనేక సంభాషణలను పంపినప్పుడు ఒకరి మాటలు మరొకరి తీగలోకి చొరబడడం దీనికి తోడయింది.

అప్పటి పరిశోధకులలో అనేకులు మరింత మంచి ఆంప్లిఫయర్లు తయారు చేయడం ద్వారా ఈ చిక్కును తగ్గించాలని చూశారు. రీవ్స్ మాత్రం సమస్యను వేరొక వైపు నుండి పరిశీలించాడు. టెలిగ్రాఫులో చుక్క, గీత అనే రెండు సంకేతాలే ఉంటాయి. దారిలో ఎంత రొద చేరినా, వచ్చినది చుక్కా గీతా అన్నది తెలిస్తే చాలు, దానిని చెక్కుచెదరకుండా కొత్తగా తయారు చేసి ముందుకు పంపవచ్చు. మాటను కూడా ఇటువంటి సంకేతాలుగా మార్చగలిగితే రొద పేరుకుపోయే ప్రసక్తే ఉండదు. ఇదే ఆయన ఆలోచనకు మూలం.

పల్స్ కోడ్ మాడ్యులేషన్

రీవ్స్ పద్ధతిలో మూడు దశలున్నాయి.

- నమూనాల సేకరణ: మాట వలన పుట్టే విద్యుత్ తరంగం ఎత్తును సమాన కాలవ్యవధులలో, సెకనుకు కొన్ని వేల పర్యాయాలు కొలుస్తారు. తరంగంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువ సార్లు కొలిచినట్లయితే, ఆ నమూనాల నుండి మొత్తం తరంగాన్ని తిరిగి పొందవచ్చు. నైక్విస్ట్ (1928), కోటెల్నికోవ్ (1933), షానన్ (1949) రచనల ద్వారా ఈ సూత్రానికి గణిత రూపం ఏర్పడింది.
- స్థాయి నిర్ణయం: కొలిచిన ఎత్తును ముందుగా నిర్ణయించిన స్థాయిలలో అతి దగ్గరగా ఉన్న దానికి సర్దుతారు. రీవ్స్ పేటెంటులో 32 స్థాయిలున్నాయి.
- సంకేతీకరణ: ఆ స్థాయి సంఖ్యను ద్విసంఖ్యామానంలో, అనగా 0, 1 అనే రెండు అంకెలతో, రాస్తారు. 32 స్థాయిలకు ఐదు అంకెలు (ఐదు బిట్లు) సరిపోతాయి. 1కి విద్యుత్ పల్సు ఉంటుంది, 0కి ఉండదు.

దారిలోని యంత్రం చేయవలసిన పని ఒక్కటే. పల్సు వచ్చిందా, రాలేదా అని చూసి, వచ్చి ఉంటే సరికొత్త పల్సును పంపడం. దీనివలన వంద మైళ్ళయినా, వేయి మైళ్ళయినా సంకేతం నాణ్యత తగ్గదు.

అయితే ఈ లాభానికి ఒక మూల్యం ఉంది. ఎత్తును దగ్గరి స్థాయికి సర్దినప్పుడు కొంత దోషం ఏర్పడుతుంది. వినేవారికి అది సన్నని రొదగా తోస్తుంది. దారిలో చేరే రొద వలె కాక, ఈ దోషం ఎంత ఉండాలో ఇంజనీరే ముందుగా నిర్ణయించవచ్చు. ఒక బిట్టు పెంచినప్పుడల్లా స్థాయిల సంఖ్య రెట్టింపు అవుతుంది, రొద సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. ఐదు బిట్లతో మాట అర్థమవుతుంది గాని, సంగీతానికి అది చాలదు.

పేటెంటులో రీవ్స్ అంకెలను తిరిగి తరంగంగా మార్చే ఏర్పాటును కూడా వివరించాడు. అందిన సంఖ్యను ఒక లెక్కింపు వలయంలో ఉంచి, ఆ సంఖ్యకు తగినంత సేపు విద్యుత్తు ప్రవహించేటట్లు చేస్తారు. పెద్ద సంఖ్యకు వెడల్పయిన పల్సు, చిన్న సంఖ్యకు ఇరుకైన పల్సు వస్తాయి. ఈ పల్సులను ఫిల్టరు గుండా పంపితే అవి నునుపై మొదటి తరంగం తిరిగి వస్తుంది. సంఖ్యను కాలంగా మార్చి, కాలాన్ని విద్యుత్పీడనంగా మార్చడం ఇందులోని కిటుకు.

పేటెంటు, దాని గతి

రీవ్స్ ఈ పద్ధతికి 1938లో ఫ్రాన్సులోను, 1939లో బ్రిటనులోను పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అమెరికా పేటెంటు 1942 ఫిబ్రవరి 3న లభించింది. చిత్రాలను టెలిగ్రాఫు ద్వారా పంపడానికి ఇటువంటి సంకేతాలను వాడే యంత్రానికి అమెరికాలో పాల్ రెయినీ 1926లోనే పేటెంటు పొందాడు. కాని అది మరుగున పడిపోయింది, ఆ సంగతి తెలియకుండానే రీవ్స్ స్వతంత్రంగా మాట కోసం పూర్తి ఎలక్ట్రానిక్ పద్ధతిని రూపొందించాడు.

పద్ధతి సరైనదే అయినా దానిని అమలు చేయగల సాధనాలు అప్పటికి లేవు. ఒక్కొక్క సంభాషణకు పెద్ద సంఖ్యలో వాక్యూమ్ ట్యూబులు కావాలి. అవి ఖరీదైనవి, వేడెక్కేవి, తరచు కాలిపోయేవి. అందువలన వ్యాపార సంస్థలేవీ వెంటనే దీనిని చేపట్టలేదు. యుద్ధకాలంలో మాత్రం ఖర్చును లెక్కచేయని ఒక సందర్భం ఏర్పడింది. మిత్రరాజ్యాల నాయకుల రహస్య సంభాషణల కోసం బెల్ ప్రయోగశాలలు నిర్మించిన సిగ్‌సాలీ అనే టెలిఫోను వ్యవస్థ 1943లో పనిచేయసాగింది. మాటను సంకేతాలుగా మార్చి పంపిన ఆ యంత్రం ఒక గది నిండా పట్టేది.

1947 చివరలో ట్రాన్సిస్టరు ఆవిర్భవించిన తరువాత పరిస్థితి మారింది. 1948లో బెర్నార్డ్ ఆలివర్, జాన్ పియర్స్, క్లాడ్ షానన్‌లు పీసీఎం సిద్ధాంతాన్ని వివరిస్తూ ప్రసిద్ధమైన వ్యాసాన్ని ప్రచురించారు. 1962లో బెల్ వ్యవస్థ టీ-1 పేరుతో ఒకే మార్గంలో 24 సంభాషణలను పంపే పీసీఎం టెలిఫోను సేవను ప్రవేశపెట్టింది. అమెరికాలో అప్పటి చట్టం ప్రకారం పేటెంటు గడువు 17 సంవత్సరాలు. రీవ్స్ పేటెంటు గడువు 1959లోనే ముగిసింది. ఈ విధంగా పద్ధతి వాడుకలోకి రావడానికి మూడేళ్ళ ముందే దానిపై హక్కు తీరిపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధం

1940 జూనులో జర్మను సేనలు పారిస్‌ను సమీపించినప్పుడు రీవ్స్ ఫ్రాన్సును వీడి ఓడలో ఇంగ్లండు చేరుకున్నాడు. తరువాత ప్రభుత్వ పరిశోధనలలో చేరాడు. స్వభావరీత్యా ఆయన శాంతికాముకుడు. మనుషులను చంపే ఆయుధాల తయారీలో పాలుపంచుకోవడానికి ఆయన మనసు అంగీకరించలేదు. మొదట రక్షణ సంబంధమైన పనులకే తనను పరిమితం చేసుకున్నాడు. కాని ఆనాటి బ్రిటిష్ బాంబర్లు రాత్రివేళ గురి తప్పి, లక్ష్యానికి మైళ్ళ దూరంలో బాంబులు వేస్తున్నట్లు 1941 నాటి పరిశీలనలలో వెల్లడయింది. గురి కచ్చితంగా ఉన్నట్లయితే కర్మాగారాలకు తగలవలసిన బాంబులు జనావాసాలపై పడడం తగ్గుతుందనే తర్కంతో ఆయన తన నిర్ణయాన్ని మార్చుకున్నాడు.

ఫ్రాంక్ ఎడ్వర్డ్ జోన్స్‌తో కలిసి రీవ్స్ రూపొందించిన వ్యవస్థ పేరు ఓబో. ఇంగ్లండు తీరంలో దూరదూరంగా ఉన్న రెండు రేడియో కేంద్రాలు దీనికి ఆధారం. ఒక కేంద్రానికి పిల్లి అని, రెండవ దానికి ఎలుక అని మారుపేర్లు. పిల్లి కేంద్రం విమానాన్ని తన నుండి ఒకే దూరంలో, వృత్తఖండం వంటి దారిలో నడిపిస్తుంది. విమానం దారి తప్పితే పైలట్ చెవిలో చుక్కలు గాని గీతలు గాని వినిపిస్తాయి. సరైన దారిలో ఉంటే ఎడతెగని నాదం వినిపిస్తుంది. ఆ నాదం ఓబో అనే పాశ్చాత్య వాద్యాన్ని పోలి ఉండడం వలన ఈ పేరు వచ్చింది. లక్ష్యం చేరిన క్షణాన్ని ఎలుక కేంద్రం తెలియజేస్తుంది.

ఓబోను 1942 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని లుటరాడే విద్యుత్ కేంద్రంపై దాడిలో మొదటిసారి వాడారు. రెండు కేంద్రాలు కలిసి ఒకసారికి ఒక్క విమానాన్ని మాత్రమే నడపగలవు. అందువలన మస్కిటో విమానాలు ముందుగా వెళ్ళి లక్ష్యాన్ని వెలుగు గుర్తులతో సూచించేవి, వెనుక వచ్చే బాంబర్లు ఆ గుర్తులను అనుసరించేవి. 1943లో జర్మనీలోని రూర్ పారిశ్రామిక ప్రాంతంపై జరిగిన దాడులలో ఓబో కీలకమైనది. ఆ దాడులలో కర్మాగారాలతోపాటు నగరాలు కూడా ధ్వంసమయ్యాయి, వేలాది పౌరులు మరణించారు. గురి మెరుగుపడితే ప్రాణనష్టం తగ్గుతుందని రీవ్స్ ఆశించాడు. గురి మెరుగుపడింది గాని, దేనిపై గురి పెట్టాలన్నది ఆయన చేతిలో లేదు.

1945 ఏప్రిల్ చివర, మే మొదటి వారాలలో ఇదే వ్యవస్థ వేరొక పనికి ఉపయోగపడింది. జర్మను ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌లో ప్రజలు ఆకలితో మరణిస్తున్నప్పుడు, ఆపరేషన్ మన్నా పేరుతో బ్రిటిష్ బాంబర్లు ఆహారపు మూటలను జారవిడిచాయి. మూటలు పడవలసిన చోట్లను ఓబో సాయంతో మస్కిటో విమానాలు గుర్తించాయి.

యుద్ధానంతర పరిశోధనలు

యుద్ధం తరువాత రీవ్స్ స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబరేటరీస్‌లో పరిశోధనలు కొనసాగించాడు. మొదట ఎన్‌ఫీల్డులో ఉన్న ఈ సంస్థ 1959లో హార్లోకు మారింది. అర్ధవాహకాలు, ఎలక్ట్రానిక్ టెలిఫోను ఎక్స్ఛేంజీలు మొదలైన వాటిపై ఆయన పనిచేశాడు. పీసీఎం వ్యాప్తి చెందితే ఇప్పటి తీగలు, సూక్ష్మ తరంగాలు చాలవని, అంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ సమాచారాన్ని మోయగల మార్గం కాంతేనని ఆయన భావించాడు.

ఈ సంస్థలోనే చార్లెస్ కావో, జార్జి హాకామ్‌లు 1966లో గాజు తంతువుల ద్వారా దూరప్రాంతాలకు కాంతి సంకేతాలను పంపవచ్చునని ప్రతిపాదించారు. గాజులోని మలినాలను తగ్గించి, కాంతి నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్లకు దించితే ఇది ఆచరణ సాధ్యమని వారు చెప్పారు. 1970లో అమెరికాకు చెందిన కార్నింగ్ సంస్థ ఆ లక్ష్యాన్ని సాధించింది. ఈ కృషికి కావోకు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నేటి కాంతి తంతువులలో ప్రవహించేది కూడా ఉన్నది, లేనిది అనే రెండు సంకేతాలే. ఆ విధంగా రీవ్స్ చేపట్టిన రెండు ఆలోచనలూ ఒకే చోట కలిశాయి.

వ్యక్తిగత జీవితం, గౌరవాలు

రీవ్స్ నిరాడంబరుడు. ప్రయోగశాల వెలుపల యువజనుల సంక్షేమం, జైలు నుండి విడుదలైన వారి పునరావాసం వంటి సేవాకార్యక్రమాలలో శ్రద్ధ చూపాడు. అతీంద్రియ విషయాలపై కూడా ఆయనకు గాఢమైన ఆసక్తి ఉండేది.

- 1945లో ఓబీఈ గౌరవం.
- 1965లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ వారి స్టూవర్ట్ బాలంటైన్ పతకం.
- 1969లో సీబీఈ గౌరవం.
- 1969 అక్టోబరు 1న బ్రిటిష్ తపాలా శాఖ తన సాంకేతిక ప్రగతిపై విడుదల చేసిన నాలుగు తపాలా బిళ్ళలలో ఒక షిల్లింగు బిళ్ళను పల్స్ కోడ్ మాడ్యులేషన్‌కు కేటాయించింది.

రీవ్స్ 1971 అక్టోబరు 13న, 69వ ఏట మరణించాడు.

ఇంటి స్టీరియోలో పీసీఎం

టెలిఫోను కోసం పుట్టిన పీసీఎం సంగీతానికి చేరడానికి మరికొంత కాలం పట్టింది. జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1967లో డిజిటల్ ధ్వని గ్రాహక యంత్రాన్ని తయారు చేసింది. 1972లో డెనాన్ సంస్థ స్టూడియోలలో వాడదగిన పీసీఎం యంత్రంతో సంగీతాన్ని రికార్డు చేయడం ఆరంభించింది. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థల ఉమ్మడి కృషితో కాంపాక్ట్ డిస్కు మార్కెట్టులోకి వచ్చింది.

ఈ డిస్కులో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 16 బిట్లు, రెండు చానళ్ళు ఉంటాయి. అనగా సెకనుకు 14,11,200 బిట్లు. రీవ్స్ పేటెంటులోని 32 స్థాయిల స్థానంలో 65,536 స్థాయిలు వచ్చాయి. అతి పెద్ద ధ్వనికి, రొదకు మధ్య అంతరం సుమారు 30 డెసిబెల్ల నుండి సుమారు 96 డెసిబెల్లకు పెరిగింది. పద్ధతి మాత్రం మారలేదు.

డాక్‌ల మధ్య పోలిక

ఒకే డిస్కు నుండి ఏ డాక్‌కైనా ఒకే అంకెలు అందుతాయి. వాటిని తరంగంగా మార్చే తీరులోనే తేడాలుంటాయి. మొదటి ఏడాది వచ్చిన రెండు యంత్రాలే ఇందుకు మంచి ఉదాహరణ.

సోనీ వారి సీడీపీ-101లో 16 బిట్ల డాక్ ఒక్కటే ఉండేది. అది ఎడమ, కుడి చానళ్ళకు వంతులవారీగా పనిచేసేది. అందువలన రెండు చానళ్ళ మధ్య సెకనులో లక్షో వంతు ప్రాంతంలో ఆలస్యం ఏర్పడేది. ఆ డాక్ సంఖ్యను కాలంగా లెక్కించి విద్యుత్పీడనంగా మార్చే రకానికి చెందినది. రీవ్స్ 1938లో వివరించిన కిటుకుకు ఇది దగ్గరి బంధువు. వినదగిన శబ్దాలకు పైనున్న అనవసరపు పౌనఃపున్యాలను తొలగించడానికి దానిలో చాలా నిటారైన అనలాగ్ ఫిల్టరును వాడారు.

ఫిలిప్స్ వారి సీడీ-100లో 14 బిట్ల డాక్‌లు చానలుకు ఒకటి చొప్పున ఉండేవి. 16 బిట్ల డిస్కుకు 14 బిట్లు చాలవు కదా అనే సందేహం సహజం. ఫిలిప్స్ ఇంజనీర్లు నమూనాల సంఖ్యను నాలుగు రెట్లు పెంచి, సెకనుకు 1,76,400 చేశారు. స్థాయి సర్దుబాటు వలన వచ్చే రొదను చెవికి వినిపించని పై పౌనఃపున్యాలకు నెట్టివేశారు. ఆ విధంగా 14 బిట్ల డాక్‌తోనే ఇంచుమించు 16 బిట్ల ఫలితాన్ని సాధించారు. అనలాగ్ ఫిల్టరు కూడా సాదాగా ఉంటే సరిపోయింది.

తరువాతి కాలంలో డాక్‌లు ప్రధానంగా రెండు దారులలో ఎదిగాయి.

- నిచ్చెన రకం: రెండు విలువల నిరోధాలను నిచ్చెన మెట్ల వలె అమర్చి, ఒక్కొక్క బిట్టుకు దాని విలువకు తగిన విద్యుత్తును కలుపుతారు. పెద్ద బిట్టు నిరోధంలో స్వల్ప దోషం ఉన్నా, అది చిన్న బిట్లన్నిటినీ మింగివేస్తుంది. కనుక నిరోధాలను అతి కచ్చితంగా తయారు చేయాలి. అందువలన ఇవి ఖరీదైనవి.
- డెల్టా-సిగ్మా రకం: కొద్ది బిట్లతో, ఒక్కోసారి ఒకే బిట్టుతో, చాలా వేగంగా పనిచేసి, రొదను వినిపించని పౌనఃపున్యాలకు నెడతారు. దీనికి మూలమైన డెల్టా మాడ్యులేషన్ 1946లో ఐటీటీ వారి ఫ్రెంచి ప్రయోగశాలలో పుట్టింది. 1962లో జపానుకు చెందిన ఇనోసె, యాసుదా మొదలైనవారు దానిని మెరుగుపరిచారు. 1980ల చివర నుండి ఇవి ఇంటి పరికరాలలోకి వచ్చాయి. చవకగా తయారవుతాయి గనుక నేటి ఫోన్లు, కంప్యూటర్లలో ఎక్కువగా ఈ రకమే ఉంటుంది.

డాక్‌లను పోల్చేటప్పుడు బిట్ల సంఖ్యను మాత్రమే చూడడం తగదు. 24 బిట్ల డాక్‌కు లెక్క ప్రకారం 144 డెసిబెల్ల అంతరం రావాలి. కాని వలయాలలోని ఎలక్ట్రాన్ల ఉష్ణ చలనం వలన పుట్టే రొద కారణంగా ఉత్తమమైన పరికరాలలో కూడా సుమారు 20, 21 బిట్ల పాటి ఫలితమే దక్కుతుంది. రొద, వికృతి, చిన్న శబ్దాలను సరిగ్గా పలికించే గుణం, గడియారపు నిలకడ అనేవి చూడవలసిన అసలు అంశాలు. నమూనాలు సమాన కాలవ్యవధులలో రానట్లయితే అంకెలు సరిగ్గా ఉన్నా తరంగం చెదురుతుంది. దీనిని జిట్టర్ అంటారు.

చెవితో పోల్చేవారు మొదట రెండు పరికరాల ధ్వని పరిమాణాన్ని మీటరుతో కొలిచి సమానం చేయాలి. కొద్దిపాటి డెసిబెల్ తేడా ఉన్నా, పెద్దగా వినిపించినదే మేలైనదిగా తోస్తుంది. ఏ పరికరం మోగుతున్నదో వినేవారికి తెలియకుండా ఉంచడం రెండవ నియమం. ఈ జాగ్రత్తలు తీసుకున్నప్పుడు, సక్రమంగా తయారైన డాక్‌ల మధ్య తేడా గుర్తించడం చాలా కష్టమవుతుంది. స్పీకర్లు, గది గోడలు కలిగించే వికృతి డాక్ కలిగించే వికృతి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

భారతదేశంలో, నెల్లూరు తీరంలో

భారతదేశపు డిజిటల్ టెలిఫోను వ్యవస్థలో మాటను సెకనుకు 8,000 నమూనాలుగా, నమూనాకు 8 బిట్లుగా, అనగా సెకనుకు 64,000 బిట్లుగా పంపుతారు. అటువంటి 30 సంభాషణలు ఒక మార్గంలో పయనిస్తాయి. 1984లో స్థాపించిన సీ-డాట్ సంస్థ తయారు చేసిన చిన్న ఎక్స్ఛేంజీలు ఈ పద్ధతిని గ్రామాలకు చేర్చాయి.

నెల్లూరు తీరంలో పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్య ఉన్న శ్రీహరికోట దీవి నుండి మొదటి రాకెట్టు, రోహిణి-125, 1971 అక్టోబరు 9న ఎగిరింది. రీవ్స్ మరణానికి అది నాలుగు రోజుల ముందు. ఈ రెండు సంఘటనలకు సంబంధం లేకపోయినా, శ్రీహరికోట పనికి రీవ్స్ పద్ధతి అత్యవసరం. వాహక నౌకలోని పీడనం, ఉష్ణోగ్రత, కంపనాలు మొదలైన వాటిని కొలిచి, అంకెలుగా మార్చి, పీసీఎం రూపంలో రేడియో ద్వారా భూమికి పంపుతారు. నౌక పనితీరును తెలుసుకునే ఈ పద్ధతిని దూరమాపనం అంటారు. 1979 ఆగస్టు 10న ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రెండవ అంచెలోని నియంత్రణ లోపం వలన సముద్రంలో పడిపోయింది. అటువంటి ప్రమాదంలో నౌక తిరిగి దొరకదు. దూరమాపనం ద్వారా భూమికి చేరిన సమాచారమే శాస్త్రవేత్తలకు మిగులుతుంది. లోపాన్ని సవరించిన తరువాత 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట 2022 జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరింది.

శ్రీహరికోటకు దారి తీసే సూళ్ళూరుపేట సమీపంలోని మంగళంపాడు సినీ కవి ఆత్రేయ (1921–1989) స్వగ్రామం. గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) కూడా నెల్లూరు ప్రాంతం వాడే. ఆత్రేయ రాయగా బాలసుబ్రహ్మణ్యం పాడిన మరో చరిత్ర (1978) పాటలు కాంపాక్ట్ డిస్కు రాకముందు నాటివి. నేడు వాటిని డిస్కు నుండి గాని, ఫోను నుండి గాని వినేవారికి అందేది మొదట అంకెలుగా మారి, డాక్ ద్వారా మరల తరంగంగా మారిన ధ్వనే. గ్రామఫోను రికార్డు వాడిన కొద్దీ అరుగుతుంది, టేపు ప్రతికి ప్రతి తీసిన కొద్దీ రొద పెరుగుతుంది. అంకెలను సరిగ్గా నకలు చేసినంతకాలం వందవ ప్రతి కూడా మొదటి ప్రతితో సమానమే. దూర ప్రాంత టెలిఫోనులోని రొదను తొలగించడానికి రీవ్స్ చేసిన ఆలోచన, పాత పాటలను ఒక తరం నుండి మరొక తరానికి చెడకుండా అందించడానికి కూడా ఈ విధంగా ఉపయోగపడుతున్నది.